గొట్టం ముట్టుకుంటే చురుక్కుమంటోందా?

హిందూపురంలో మా మరిది ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్కపని చేస్తాడు. కరెంటు రంపం పెట్టినప్పటి నుంచి పొట్టు ఇల్లంతా ఎగిరేది. వంటింట్లో బోర్లించిన గిన్నెల మీదా అదే, పిల్లలకు ఒకటే దగ్గు. అందుకని పొట్టును లాగే మిషనొకటి కొని, నీళ్లకు వాడే పి.వి.సి. గొట్టాలతో రంపానికి తగిలించాడు. ఇల్లయితే శుభ్రపడింది కానీ కొత్త బాధ మొదలైంది.

మాఘమాసంలో పెనుకొండ నుంచి నేను వెళ్లినప్పుడు మా తోడికోడలు చెప్పింది: "అక్కా, సంచి దులపడానికి పోతే చాలు, గొట్టం చురుక్కుమంటాంది. మొన్న ఆయనకీ తగిలి చెయ్యి ఎగిరిపడె. పక్కనే రంపం తిరుగుతాంది. జానెడు దూరంలో తప్పిపోయింది."

ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. చురుకు చిన్నదే, కానీ ఉలిక్కిపడ్డ చెయ్యి ఎక్కడ పడుతుందో ఎవరు చెప్పగలరు?

ఎందుకిలా అవుతుంది?

తల దువ్వుకున్న ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కల్ని లాగడం మనందరికీ తెలిసిందే. ఇదీ అంతే. పొట్టు వేగంగా పోతూ గొట్టాన్ని రాసుకుంటుంది. ఆ రాపిడికి విద్యుత్తు పుడుతుంది. ప్లాస్టిక్ దాన్ని భూమిలోకి పోనివ్వదు కనుక గొట్టం మీదే నిలిచి, మనం ముట్టుకోగానే మన చేతికి దూకుతుంది.

ధర్మవరంలో పుట్టిన నాకు ఇది కొత్త కాదు. ఎండుగాలి రోజుల్లో పట్టు పోగులు చెప్పిన మాట వినవు. లేచి చెదిరి, చేతికి అంటుకుంటాయి. మా అమ్మ మగ్గం చుట్టూ నేల మీద నీళ్లు చిలకరించేది. గుంట మగ్గానికి నేల చెమ్మ తోడు. గాలిలో తేమ ఉంటే ఈ విద్యుత్తు నిలవదు. మనది వాన తక్కువ సీమ కాబట్టి చలికాలంలోనూ ఎండల్లోనూ ఈ బాధ ఎక్కువ. అయితే కరెంటు మిషన్ల దగ్గర మాత్రం నీళ్లు చల్లకూడదు సుమా!

ఏం చెయ్యాలి?

ముందు ప్లగ్గు పీకెయ్యండి. పైతొడుగు లేని రాగి తీగను గొట్టం పొడవునా బయట చుట్టండి. లోపల వేస్తే పొట్టు చిక్కుకుని గొట్టం పూడుకుపోతుంది. తీగ కొసను మిషను ఇనుప భాగానికి, రంగు గీకిన చోట, బిగించండి. వంగే గొట్టంలో ఇనుప చుట్ట ఉంటే దాని కొసను కూడా అలాగే కలపండి. ప్లాస్టిక్ కాబట్టి చురుకు పూర్తిగా పోదు, బాగా తగ్గుతుంది. కొత్తగా కొనేవారు రేకు గొట్టాలు కొనడం మేలు. వాటికీ ఎర్త్ కలపాలి.

మిషనుకు ఎర్త్ లేకపోతే ఈ తీగ దండగే. ప్లగ్గులో పైనున్న లావు పిన్నే ఎర్త్. సాకెట్టులో పట్టలేదని దాన్ని విరిచెయ్యకండి. ఎర్త్ గుంత ఎండితే పని చెయ్యదు. వేసవిలో దాంట్లో అప్పుడప్పుడు నీళ్లు పొయ్యండి. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ పరీక్ష చేయించండి.

ఈ తేడా గుర్తుంచుకోండి

ఒక్కసారి చురుక్కుమని ఆగిపోతే అది రాపిడి విద్యుత్తు. చెయ్యి పెట్టినంతసేపూ జివ్వుమంటూ ఉంటే అది కరెంటు లీకేజీ, ప్రాణాల మీదికి వస్తుంది. మిషను ముట్టకుండా మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్ని పిలవండి.

పొడితో జాగ్రత్త

ఇంటి షెడ్డు గొట్టంలో ఈ చురుకుతో పేలుడు జరగడం బహు అరుదు. అలాగని పొడిని తేలిగ్గా చూడకూడదు. 2008 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో పేరుకున్న చక్కెర పొడి అంటుకుని పేలి, 14 మంది చనిపోయారు. మనం రోజూ కాఫీలో వేసుకునే చక్కెరే!

అందుకని సంచి నిండేదాకా ఆగకుండా ఏ రోజు పొట్టు ఆ రోజే బయట పారబొయ్యండి. సన్నని పొడిని పొయ్యిలోకి విసరకండి, భగ్గుమంటుంది. ఇనుము అరగదీసేటప్పుడు ఈ గొట్టం వాడనివ్వకండి. నిప్పురవ్వ సంచిలో దూరితే గంటల తరబడి రాజుకుని, అందరూ పడుకున్నాక మండుతుంది. సంచి దులిపేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

మా మరిది ముందు నవ్వాడు. "చురుక్కుమంటే చస్తామా వదినా?" అన్నాడు. నేను మాట్లాడకుండా రంపం వైపు చూపించాను. ఆ సాయంత్రమే రాగి తీగ తెచ్చి చుట్టాడు, మర్నాడు ఎర్త్ పరీక్ష చేయించాడు. ఇప్పుడు మా తోడికోడలు నిర్భయంగా సంచి దులుపుతోంది. మీ ఇంట్లోనూ ఇలాంటి మిషనుంటే, పని జరిగేది మగవాళ్ల షెడ్డులోనే కదా అని ఊరుకోకండి. ఆ పొట్టు ఎత్తేది మనమే!