కొత్త కొట్టు ఏ రూపంలో పెట్టాలి? బాకీ ఎగబడిన రోజునే తేడా తెలుస్తుంది

మిర్చి సీజన్‌కు ముందు కొత్త కొట్టు తెరవదలచిన వర్తకులు పెట్టుబడి, గోదాము, పరపతి చూసుకుంటారు. చట్టం దృష్టిలో ఆ కొట్టు ఏ రూపంలో ఉండాలన్న ప్రశ్న సాధారణంగా చివరికి మిగిలిపోతుంది. సరుకు అమ్మిన సొమ్ము సకాలంలో వస్తున్నంత వరకు ఈ లోపం బయటపడదు. కొనుగోలుదారు చేతులెత్తేసినప్పుడు బయటపడుతుంది.

ఉదాహరణకు, గుంటూరు యార్డులో ఇద్దరు వర్తకులు చెరి 10 లక్షల రూపాయలు పెట్టి కమీషన్ వ్యాపారం ఆరంభించారనుకుందాం. పొరుగు రాష్ట్రపు కొనుగోలుదారు ఒకరు 45 లక్షల రూపాయల టిక్కీలు అరువుపై తీసుకుని సొమ్ము ఎగవేశాడు. రైతులకు ఆ సొమ్ము కొట్టే చెల్లించాలి. పెట్టుబడి 20 లక్షలూ పోగా ఇంకా 25 లక్షలు తక్కువ పడతాయి. ఈ 25 లక్షలు ఎవరి ఇంటి మీదికి వస్తాయన్నది కొట్టు రూపాన్ని బట్టి ఉంటుంది.

సొంత వ్యాపారం: ఒక్కరే యజమాని. ఆరంభించడం తేలిక, ఖర్చు తక్కువ. ఆదాయపు పన్ను యజమాని శ్లాబుల ప్రకారమే. అయితే కొట్టు బాకీ అంటే యజమాని బాకీయే. ఇల్లు, పొలం కూడా జప్తుకు లోబడతాయి. చిన్న వ్యాపారులు అమ్మకాలపై నిర్ణీత శాతాన్ని లాభంగా చూపి పన్ను కట్టే సదుపాయం ఉన్నది కాని, కమీషన్, బ్రోకరేజి ఆదాయానికి అది వర్తించదు. దళారులు ఈ విషయం గమనించాలి.

భాగస్వామ్యం: 1932 నాటి చట్టం కింద ప్రతి భాగస్వామీ మొత్తం బాకీకి బాధ్యుడే. పై ఉదాహరణలో ఒక భాగస్వామి వద్ద ఆస్తి లేకపోతే 25 లక్షలూ రెండవ వ్యక్తి నుంచే వసూలు చేయవచ్చు. తన వాటా సగమే అన్న వాదన రైతుల ముందు చెల్లదు. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, పెట్టుబడి ఎవరిది ఎంతైనా లాభనష్టాలు సమానం. ఇద్దరే భాగస్వాములై ఒకరు మరణిస్తే సంస్థ రద్దయినట్లే.

ఇందులో అసలు చిక్కు రిజిస్ట్రేషన్. స్టాంపు కాగితంపై ఒప్పందం రాసుకుని, పాన్ తీసుకుంటే సరిపోయిందని పలువురు భావిస్తారు. అది పొరపాటు. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ వద్ద నమోదు కాని సంస్థ, 100 రూపాయలు మించిన వ్యాపార బాకీ కోసం ఇతరులపై దావా వేయజాలదు. ఇతరులు మాత్రం దానిపై వేయవచ్చు. అంటే రైతుకు బాకీ తీర్చక తప్పదు, ఎగవేసిన వాడిని కోర్టుకు ఈడ్చే దారి ఉండదు. దావా వేశాక నమోదు చేయించుకున్నా ఆ దావా నిలవదు. నమోదు చేయించి, మూడేళ్ల కాలపరిమితి దాటకముందే కొత్తగా దావా వేసుకోవాలి.

ఎల్.ఎల్.పి.: 2008 చట్టం ప్రకారం ఏర్పడే పరిమిత బాధ్యత భాగస్వామ్యం ఇది. భాగస్వాములు పోగొట్టుకునేది తాము పెట్టిన 20 లక్షలే. మోసం చేసిన వారికి ఈ రక్షణ లేదు. ఏటా మే 30, అక్టోబరు 30 తేదీల లోపు పత్రాలు దాఖలు చేయాలి. టర్నోవరు 40 లక్షలు గాని, పెట్టుబడి 25 లక్షలు గాని మించితే ఆడిట్ తప్పనిసరి.

ప్రైవేటు కంపెనీ: ఇద్దరి నుంచి 200 మంది వరకు వాటాదారులు ఉండవచ్చు. 2013 చట్టం ఏకవ్యక్తి కంపెనీకి కూడా వీలు కల్పించింది. వ్యాపారం జరగకపోయినా ఆడిట్ చేయించాలి. కంపెనీ కోరుకుంటే సర్‌చార్జి, సెస్సుతో కలిపి సుమారు 25.17 శాతం పన్ను రేటు పొందవచ్చు. భాగస్వామ్యానికి, ఎల్.ఎల్.పి.కి 30 శాతం, పైన సెస్సు. అయితే కంపెనీ లాభాన్ని డివిడెండుగా తీసుకుంటే వాటాదారు మళ్లీ పన్ను కట్టాలి. భాగస్వామి చేతికి వచ్చే లాభ వాటాపై పన్ను లేదు. కనుక రేటు ఒక్కటే చూసి నిర్ణయించరాదు.

పరిమిత బాధ్యతకు ఒక పెద్ద మినహాయింపు ఉన్నది. బ్యాంకు అప్పుకు డైరెక్టరు గాని, భాగస్వామి గాని సొంత పూచీ సంతకం చేస్తే, ఆ మేరకు ఇల్లు మళ్లీ తాకట్టులో పడినట్లే. చిన్న సంస్థలకు బ్యాంకులు సాధారణంగా ఈ సంతకం అడుగుతాయి. చట్టం ఇల్లు కాపాడినా, రైతుల సొమ్ము నిలిచిపోతే యార్డులో పేరు నిలబడదన్నది వేరే సంగతి.

నగదుపై చిన్న వ్యాపారం చేసేవారికి సొంత కొట్టు చాలు. నమ్మకస్తులైన ఇద్దరు కలిస్తే భాగస్వామ్యం పనికివస్తుంది కాని, మొదటి టిక్కీ తూకం పడకముందే నమోదు చేయించాలి. దూర ప్రాంతాలకు అరువులు ఇచ్చేవారికి ఎల్.ఎల్.పి. మేలు. బయటి వారి పెట్టుబడి తీసుకోదలచిన వారికి కంపెనీ అనుకూలం. తర్వాత రూపం మార్చుకోవచ్చు గాని, పాన్ మారితే జి.ఎస్.టి. నమోదు కొత్తది తీసుకోవాలి. యార్డు లైసెన్సు, బ్యాంకు ఖాతాల పని కూడా మళ్లీ పెట్టుకోవలసి వస్తుంది. సీజన్ మధ్యలో అటువంటి తిప్పలు పడేకంటే ముందే ఆడిటరును సంప్రదించడం లాభసాటి.