99 సెంట్ల మాట: గిఫ్ట్ కార్డు మీద అచ్చయిన ధరకు విలువెంత?

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో ఇవాళ పలికిన ధర రేపు నిలుస్తుందని ఏ రైతూ అనుకోడు. ఎండలు ముదిరి ఉత్తరాది నుంచి గిరాకీ పెరిగితే బస్తా ధర ఎగురుతుంది. వానలు పడి చల్లబడితే కూలుతుంది. దాని మీద ఎవరూ కోర్టుకు పోరు, పోవలసిన పనీ లేదు. రేపటి ధరను ఇవాళే కాగితం మీద అచ్చువేసి, డబ్బు ముందే వసూలు చేసుకున్నవాళ్లు అక్కడ ఎవరూ లేరు కదా.

గిఫ్ట్ కార్డు దగ్గర కథ మారుతుంది. చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే కొడుకు అమ్మ పుట్టినరోజుకు ఫోన్‌కి ఒక వోచరు పంపుతాడు. పెళ్లికి వెళ్లినవాళ్లు కవర్లో నోట్ల బదులు నగల దుకాణం కార్డు పెడుతున్నారు. డబ్బు ఇవాళ కంపెనీకి చేరుతుంది, సరుకు ఎప్పుడో వస్తుంది. ఈ మధ్యకాలంలో ధర మారితే ఆ తేడా ఎవరు భరించాలి? కార్డు మీదే ధర అచ్చువేసి ఉంటే ఆ అచ్చుకు ఏమైనా విలువ ఉందా? ఈ ప్రశ్న మీద అమెరికాలో నిజంగానే ఒక పెద్ద దావా నడిచింది. సరుకు పాట లాంటి చిన్న వస్తువే. తేడా ఒక్కో పాటకు 30 సెంట్లు మాత్రమే.

ఆపిల్ కంపెనీ 2003 ఏప్రిల్ 28న పాటలు ఇంటర్నెట్టులో అమ్మే ఐట్యూన్స్ మ్యూజిక్ స్టోర్ తెరిచింది. దొంగ కాపీలు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతున్న రోజులవి. పాటకు డబ్బు కట్టమంటే జనం కడతారా అని సంగీత కంపెనీలే అనుమానపడుతున్నాయి. ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ దానికి చెప్పిన జవాబు ఒకే ధర. ఏ పాటయినా 99 సెంట్లు. కొత్తదా పాతదా, పాడింది పెద్ద గాయకుడా ఎవరికీ తెలియనివాడా అన్న లెక్క లేదు. కొనేవాడు ఆలోచించనక్కర్లేదు. సంగీత కంపెనీలకు ఇది నచ్చలేదు, కొత్త హిట్ పాటలకు ఎక్కువ ధర కావాలని పట్టుబట్టాయి. 2005లో జాబ్స్ వాళ్లది అత్యాశ అని బహిరంగంగానే అన్నాడు. ఆరేళ్ల పాటు 99 సెంట్లు కదలలేదు. అమెరికాలో పాట ధర అంటే ఆ అంకె అన్నంతగా అది జనం నోట నానింది.

ఆ నమ్మకం మీదే గిఫ్ట్ కార్డులు అమ్ముడుపోయాయి. 15 డాలర్ల కార్డు, 25 డాలర్ల కార్డు సూపర్ మార్కెట్లలో, మందుల షాపుల్లో బిల్లు కట్టే చోట వేలాడదీసి ఉండేవి. వాటిలో చాలావాటి మీద, లేదా వాటి కవరు మీద, పాటలు 99 సెంట్లు అని అచ్చువేసి ఉండేది.

2009 జనవరిలో ఆపిల్ మూడు ధరల పద్ధతి ప్రకటించింది: 69 సెంట్లు, 99 సెంట్లు, 1.29 డాలర్లు. అదే సమయంలో పాటలను కాపీ చేయనివ్వని డిజిటల్ తాళాలు లేకుండా అమ్మడానికి సంగీత కంపెనీలు ఒప్పుకున్నాయి. ఆ ఏడాది ఏప్రిల్ 7 నుంచి కొత్త ధరలు అమల్లోకి వచ్చాయి. జనం ఎక్కువగా కోరే పాటల్లో ఎన్నో 1.29 గడిలోకి వెళ్లాయి. ధర ఒక్క రోజులో మారిపోయింది కానీ, అంతకుముందే కొన్న కార్డులు జనం పర్సుల్లో ఉన్నాయి. వాటి మీద 99 అనే అంకె చెరగకుండా అలాగే ఉంది.

ఒకసారి లెక్క వేసి చూద్దాం. 15 డాలర్ల కార్డుకు 99 సెంట్ల చొప్పున 15 పాటలు వస్తాయి, 15 సెంట్లు మిగులుతాయి. 1.29 చొప్పున అయితే 11 పాటలే వస్తాయి, 81 సెంట్లు మిగులుతాయి. ఆ మిగిలినదానితో ఇంకో హిట్ పాట రాదు. కార్డు కొన్నవాడు చేసిన తప్పేమీ లేదు. కంపెనీ చెప్పిన మాట నమ్మాడు, డబ్బు ముందే ఇచ్చాడు. నాలుగు పాటలు పోయాయి.

అదే ఏడాది ఇల్లినాయ్ రాష్ట్రంలోని దక్షిణ జిల్లా ఫెడరల్ కోర్టులో ఆపిల్ మీద క్లాస్ యాక్షన్ దావా పడింది. ఒకే రకంగా నష్టపోయిన చాలామంది తరఫున ఒకరిద్దరు వేసే దావా అది. అమెరికా చట్టంలో ఇది పాత ఆయుధం. 30 సెంట్ల కోసం ఎవరూ విడిగా లాయరును పెట్టుకోరు, కోర్టు మెట్లెక్కరు. కానీ లక్షల మంది దగ్గర తలా 30 సెంట్లు తీసుకుంటే అది కంపెనీ ఖాతాలో పెద్ద మొత్తమే అవుతుంది. విడివిడిగా అడగడానికి చిన్నదైన నష్టాన్ని ఒక మూటగా కట్టి కోర్టు ముందు పెట్టడానికే ఈ పద్ధతి పుట్టింది.

ఇందులో రెండు పక్షాల వాదనకూ బలం ఉందని ఒప్పుకోవాలి. ధరలు మార్చుకునే స్వేచ్ఛ ఏ వ్యాపారికైనా ఉంటుంది, గిఫ్ట్ కార్డు అంటే డాలర్ల విలువే గానీ పాటల సంఖ్య కాదు. ఇది ఒక వైపు. ఆ స్వేచ్ఛ ఉందని తెలిసి కూడా కార్డు మీద ధర అచ్చువేసి అమ్మింది ఎవరు? ఇది రెండో వైపు. నా మట్టుకు నాకు రెండోదే న్యాయం అనిపిస్తుంది. కొనేవాడి కంట పడేలా అంకెను పెట్టింది అమ్మకం పెరగడానికే. అమ్మకానికి పనికొచ్చిన మాట, వాడకం దగ్గరకొచ్చేసరికి పనికిరాదంటే ఎలా?

కేసు తీర్పు దాకా వెళ్లలేదు, రాజీ కుదిరింది. 99 సెంట్ల మాట అచ్చయిన కార్డు కొని, దానితో 2010 మే 10 లోపు 1.29 డాలర్ల పాట ఒక్కటైనా కొన్నవాళ్లు దరఖాస్తు చేసుకుంటే 3.25 డాలర్ల ఐట్యూన్స్ క్రెడిట్ ఇస్తామన్నది ఒప్పందం. 15 డాలర్ల కార్డు మొత్తం హిట్ పాటల మీదే పెట్టినవాడి నష్టం 11 పాటలకు 30 సెంట్ల చొప్పున 3.30 డాలర్లు. ఇచ్చింది దాదాపు అంతే. ఒక్క పాటే కొన్నవాడికైతే పోయినదానికి పది రెట్లకు పైగా వచ్చింది.

ఇచ్చింది డబ్బు కాదు, మళ్లీ అదే దుకాణంలో ఖర్చుపెట్టాల్సిన క్రెడిట్. ఇది నాకు మింగుడుపడదు. అమెరికా పార్లమెంటుకూ ఈ అసంతృప్తి ఉంది. కూపన్లు పంచి కేసులు ముగించి, లాయర్లు మాత్రం నగదు ఫీజు పట్టుకెళ్లే పద్ధతికి పగ్గం వేయడానికి 2005లో క్లాస్ యాక్షన్ ఫెయిర్‌నెస్ యాక్ట్ తెచ్చింది. కూపన్లతో ముగిసే రాజీల్లో కూపన్ల ఆధారంగా లాయరు ఫీజు లెక్కకట్టేటప్పుడు, పంచినవి ఎన్ని అని కాక, జనం నిజంగా వాడుకున్నవి ఎంత విలువో చూడమంటుంది ఆ చట్టం.

2011 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏటీ అండ్ టీ మొబిలిటీ వర్సెస్ కన్సెప్సియన్ కేసులో ఇచ్చిన తీర్పు క్లాస్ యాక్షన్ తలుపును సగం మూసేసింది. అక్కడా గొడవ చిన్న మొత్తమే. ఉచితం అన్న ఫోన్ మీద పన్ను పేరుతో వసూలు చేసిన 30 డాలర్ల చిల్లర. గుంపుగా దావా వేయకూడదు, ఆర్బిట్రేషన్‌కే, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలి అని ఒప్పందంలో రాసుకుంటే అది చెల్లుతుందని కోర్టు అంది. అప్పటి నుంచి అమెరికాలో ఎన్నో సేవల షరతుల్లో ఈ వాక్యం కనిపిస్తుంది. అక్కడున్న మన పిల్లలు చదవకుండానే ఒప్పుకునే షరతుల్లో బహుశా అతి ముఖ్యమైనది అదే.

ఈ విషయంలో మన దేశమే వినియోగదారుడికి మెరుగు. 2018 డిసెంబరులో రియల్ ఎస్టేట్ కంపెనీ ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో మన సుప్రీంకోర్టు, ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు పోదని తేల్చింది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. ఒకప్పుడు కంపెనీ ఉన్న ఊరికో, దాని శాఖ ఉన్న చోటుకో, లావాదేవీ జరిగిన చోటుకో పరుగెత్తాల్సి వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదుదారు నివసించే చోటైనా, పనిచేసే చోటైనా చాలు. కంపెనీ బెంగళూరులో ఉన్నా, ముంబైలో ఉన్నా గూడూరు మనిషి సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో (పాత పేరు ఫోరం) ఫిర్యాదు ఇవ్వొచ్చు.

అచ్చయిన ధర సంగతి మనకు కొత్తదేమీ కాదు. క్యాసెట్ల కాలంలో ప్రతి క్యాసెట్ అట్ట మీదా ఎమ్మార్పీ ఉండేది. ప్యాకెట్ సరుకుల మీద అచ్చయిన ధర కంటే ఎక్కువ తీసుకోవడం తూనికలు కొలతల చట్టం కింద నేరం. 2018 ఆగస్టులో విజయవాడలోని వినియోగదారుల ఫోరం, సినిమాకు వచ్చినవాళ్లకు నీళ్లు, తినుబండారాలు ఎక్కువ ధరకు అంటగడుతున్నారన్న ఫిర్యాదు మీద మల్టీప్లెక్సులకు లక్షల రూపాయల జరిమానా వేసింది. నీళ్ల సీసా ధరలో తేడా పది ఇరవై రూపాయలే కావచ్చు, ఫోరం దాన్ని చిన్నది అని తోసిపుచ్చలేదు.

అయితే పాట ప్యాకెట్ సరుకు కాదు. దాని మీద ఎమ్మార్పీ ఉండదు. కాబట్టి డిజిటల్ పాటకో, గిఫ్ట్ కార్డుకో ఈ దారి పనికిరాదు. అక్కడ పట్టుకోవలసినవి 2019 చట్టంలోని మూడు మాటలు: తప్పుదారి పట్టించే ప్రకటన, అనుచిత వ్యాపార పద్ధతి, అన్యాయమైన ఒప్పందం. ఒక ధర చూపించి ఇంకో ధర తీసుకోవడం మొదటి రెండింటి కిందికి తేవచ్చు. కంపెనీ తన ఇష్టం వచ్చినట్టు షరతులు మార్చుకోవచ్చు అనే ఏకపక్ష వాక్యాలను మూడోదాని కింద సవాలు చేయవచ్చు. కాకపోతే ఈ మూడోది జిల్లా కమిషన్ చేతిలో లేదు, రాష్ట్ర కమిషన్‌లోనో జాతీయ కమిషన్‌లోనో వేయాలి.

గుంపుగా వెళ్లే దారి కూడా చట్టంలో ఉంది. 35వ సెక్షన్ కింద, ఒకే రకమైన ప్రయోజనం ఉన్న చాలామంది తరఫున ఒకరో కొందరో కమిషన్ అనుమతితో ఫిర్యాదు చేయవచ్చు. మన దగ్గర ఈ దారిని ఎక్కువగా తొక్కింది ఫ్లాట్లు చేతికి రాని అపార్ట్‌మెంట్ కొనుగోలుదారులు. చిన్న మొత్తాల కోసం దీన్ని వాడినవాళ్లు అరుదు. దీన్ని కనిపెట్టిందే చిన్న మొత్తాల కోసం కదా అనిపిస్తుంది నాకు. ఇంకో నిబంధన దాదాపు ఎవరి కంటా పడదు. నష్టపోయినవాళ్లు చాలామంది ఉండి, ఎవరెవరో గుర్తించడం కష్టమైతే, అమ్మిన సరుకు లేదా సేవ విలువలో 25 శాతానికి తగ్గకుండా కట్టమని కమిషన్ ఆదేశించవచ్చు. పాత 1986 చట్టంలో ఇది 5 శాతమే. గిఫ్ట్ కార్డు లాంటి, కొన్నవాడొకడు వాడేవాడొకడు అయిన వ్యవహారానికి ఇంత సరిగ్గా సరిపోయే నిబంధన మరొకటి లేదు.

కార్డు గడువు, మిగిలిన సొమ్ము సంగతి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 27 నాటి ఆదేశాల్లో చెప్పింది. పలుచోట్ల చెల్లే ప్రీపెయిడ్ గిఫ్ట్ కార్డు విలువ 10,000 రూపాయలు దాటకూడదు. కనీసం ఏడాది చెల్లాలి. గడువు ముగిసే ముందు 45 రోజుల వ్యవధిలో కార్డుదారుకు హెచ్చరికలు పంపాలి. గడువు తీరినా మిగిలిన సొమ్మును మూడేళ్ల దాకా కంపెనీ తన లాభంలో కలుపుకోకూడదు. వినడానికి బాగుంది. కానీ ఒక దుకాణం తన సరుకు కోసమే ఇచ్చే కార్డును రిజర్వు బ్యాంకు చెల్లింపు సాధనంగానే లెక్కించదు. బట్టల షాపు కార్డు, నగల షాపు కార్డు, సొంత యాప్‌లోనే చెల్లే వోచరు అన్నీ ఆ గోడకు అవతలే ఉన్నాయి. గూడూరు లాంటి ఊళ్లలో చేతులు మారేవి ఎక్కువగా ఈ రకమే. అమెరికాలో 2010 ఆగస్టు నుంచి దుకాణం కార్డులు కూడా కనీసం 5 ఏళ్లు చెల్లాలని ఫెడరల్ చట్టం ఉంది. అలాంటి గడువు నియమం ఇక్కడి దుకాణం కార్డులకూ రావాలి.

పాటల దుకాణమే మూతబడితే? మన దగ్గర అదీ జరిగింది. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ పేరుతో పాటలు విడిగా అమ్మడం మొదలుపెట్టి, 2013 జూన్‌లో మూసేసింది. పాటను సొంతంగా కొనుక్కునే అలవాటే ఆ తరువాత పోయింది. ఇప్పుడు వినేదంతా నెల చందా. చందా ధర మారితే పాత కార్డు సమస్య కొత్త వేషంలో ఎదురవుతుంది: ఏడాదికి చందా కట్టేశాక సేవ తగ్గిస్తే, ఆఫర్ ధర చూపించి రెండో నెల నుంచి చెప్పకుండా ఎక్కువ కోస్తే. కార్డు నుంచి తనంతట తానుగా కోసుకునే చందాలకు 24 గంటల ముందే మెసేజ్ రావాలన్నది 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమం. ఆ మెసేజ్‌లో ఎంత కోస్తారో ఉంటుంది. వద్దనుకుంటే అక్కడే ఆపే దారీ ఉంటుంది. ఆ మెసేజ్‌ను చదవకుండా తుడిచేయకండి. ఒకటి చూపించి ఇంకొకటి అంటగట్టడం, బయటపడలేని చందాలో ఇరికించడం రెండింటినీ కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాల్లో నిషిద్ధ పద్ధతులుగా పేర్కొంది.

ఇలాంటిది మీకు జరిగితే మొదట కావలసింది సాక్ష్యం. ఐట్యూన్స్ కేసు నిలబడ్డది అచ్చయిన అంకె మీదే. అందుకని కార్డుకు రెండు వైపులా ఫోటో తీయండి, కవరు పారేయకండి. ఫోన్‌కి వచ్చిన వోచరయితే ఆ మెసేజ్, ఆ రోజు యాప్‌లో కనిపించిన ధర, షరతుల పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ పేజీ రేపు మారిపోవచ్చు. కార్డు ఇంకొకరు కొనిచ్చినదైతే వాళ్ల దగ్గరి బిల్లు కూడా అడిగి పెట్టుకోండి. తరువాత కంపెనీకి రాతపూర్వకంగా రాసి, జవాబు కోసం కొన్నాళ్లు ఆగండి. ఆ తరువాత 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపయితే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. గొడవకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. మీకొక్కరికే కాక ఆ కార్డు కొన్న అందరికీ జరిగిందనిపిస్తే, ఫిర్యాదులో ఆ మాట రాసి 35వ సెక్షన్ కింద అనుమతి కోరండి. అడగనిదే ఏ కమిషనూ తనంతట తాను ఇవ్వదు.