సలహాకు ధర పలికేనా?

వ్యవసాయ పట్టభద్రులకు ప్రభుత్వ సహాయం: ఆదోని, ఎమ్మిగనూరు రైతుకు ఒరిగేది ఎంత?

ఆదోని: పత్తి తెచ్చిన రైతుకు తన సరుకు సంగతి తేమ మీటరు గుచ్చినప్పుడుగాని తెలియదు. 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తికి కేంద్రం నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే పెరిగిన కొద్దీ ధరలో కోత పడుతుంది. 12 శాతం దాటిన సరుకును కాటన్ కార్పొరేషన్ అసలు తీసుకోదు.

ఈ కోతనే రైతు పెద్ద నష్టంగా తలుస్తాడు. కాని పత్తి ఆరితే తూకమూ తగ్గుతుంది గనుక 8, 12 శాతాల మధ్య తేడా దాదాపు సరిపోతుంది. అసలు నష్టం 12 దాటినప్పుడే. మద్దతు ధర చేజారి, ప్రైవేటు వర్తకుడు అడిగిన ధరకు దిగవలసి వస్తుంది. అతడు క్వింటాలుకు 1,000 రూపాయలు తక్కువ అడిగాడనుకుంటే, పది క్వింటాళ్ళకు 10,000 పోయినట్టే. ఒకటి రెండు రోజులు ఆరబోసి తెమ్మని ముందుగా చెప్పే మనిషి ఉంటే ఈ నష్టం తప్పుతుంది. ఆ మాట చెప్పినందుకు రైతు ఎంత ఇస్తాడన్నదే ప్రశ్న.

పథకం ఏమిటి?

ఆ మాట చెప్పే వృత్తిని నిలబెట్టడానికే కేంద్ర ప్రభుత్వం 2002 ఏప్రిల్ 9న ‘అగ్రి క్లినిక్కులు, అగ్రి బిజినెస్ కేంద్రాల’ పథకం ప్రారంభించింది. అంతకు కొద్ది రోజుల ముందే, మార్చి నెలలో, బి.టి. పత్తికి దేశంలో అనుమతి లభించింది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు అప్పటికి ఎవరూ మరచిపోలేదు. పురుగుమందు అమ్మేవాడే ఆ రోజుల్లో రైతుకు సలహాదారు.

శిక్షణ బాధ్యత హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని ‘మేనేజ్’ సంస్థది. సబ్సిడీ నాబార్డ్ ద్వారా అందుతుంది. 2010లో సవరించిన నిబంధనల ప్రకారం ఏజీ బి.యస్సీ. పట్టభద్రులతో పాటు వ్యవసాయ డిప్లొమా ఉన్నవారూ అర్హులే. వ్యక్తిగత యూనిట్‌కు 20 లక్షలు, అయిదుగురు కలిసి పెట్టే యూనిట్‌కు కోటి రూపాయల వరకు వ్యయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అందులో 36 శాతం సబ్సిడీ. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 44 శాతం. అంటే 10 లక్షల యూనిట్‌కు 3 లక్షల 60 వేలు. ఈ మొత్తం ముందుగా చేతికి రాదు. బ్యాంకులోనే ఉండి చివరకు అప్పు ఖాతాలో జమ అవుతుంది. ఆ భాగంపై వడ్డీ మాత్రం పడదు.

శిక్షణ పొందిన వారందరూ యూనిట్లు పెట్టలేదు. పెట్టినవారిలోనూ బ్యాంకు అప్పు, సబ్సిడీ అందుకొన్నవారు ఇంకా తక్కువ.

చిక్కు ఎక్కడ?

బ్యాంకు అప్పు ఇచ్చేది కంటికి కనిపించే ఆస్తికి. గోదాము, ట్రాక్టరు, స్ప్రేయరు, అంగడి సరుకు చూపితే అప్పు పుడుతుంది. సలహా తాకట్టుకు పనికిరాదు. అందువల్ల క్లినిక్ పేరుతో మొదలైన యూనిట్ క్రమంగా ఎరువులు, పురుగుమందుల అంగడిగా మారడంలో వింత లేదు. అంగడి అయ్యాక రాబడి అమ్మకం మీదే. ‘ఈ వారం మందు కొట్టనక్కరలేదు’ అని చెప్పిన ప్రతిసారీ పట్టభద్రుడు తన లాభాన్ని తానే తగ్గించుకోవాలి. రైతుకు అత్యంత విలువైన సలహా అదే. అమ్మేవాడికి అత్యంత ఖరీదైనదీ అదే.

మరోవైపు ఉచిత సలహా ఉండనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 మే 30న గ్రామాల్లో రైతు భరోసా కేంద్రాలు తెరిచింది. 2024లో అవి రైతు సేవా కేంద్రాలయ్యాయి. ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పాత డీలర్లకు సైతం ‘మేనేజ్’ 2003 నుంచి ఏడాది డిప్లొమా నడుపుతోంది. పైగా డీలరు సరుకు అప్పు మీద ఇస్తాడు. రొక్కం అడిగే పట్టభద్రుడు ఆ పోటీకి నిలవడం సులభం కాదు.

డబ్బు వచ్చే పనులు

అయినా ఈ ప్రాంతంలో రుసుముకు తగిన పనులు లేకపోలేదు. ఆదోని నల్లరేగళ్ళలో పత్తికి గులాబీ రంగు పురుగు బెడద తెలిసిందే. లింగాకర్షక బుట్టలు పెట్టి, వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగులు పడితేనే మందు కొట్టాలని శాస్త్రవేత్తల సూచన. బుట్టలు కొనడం రైతుకు కష్టం కాదు. రోజూ లెక్కపెట్టి, గుడ్డిపూలు ఏరించే మనిషే కరవు. ఎమ్మిగనూరు వైపు వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయించడం, విత్తనశుద్ధి, కాయను సరిగా ఆరబెట్టించి బూజు విషం పట్టకుండా చూడడం ఇలాంటివే. కాటన్ కార్పొరేషన్‌కు అమ్మేవారు 2025-26 సీజనులో కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకోవలసి వచ్చింది. ఇదీ సహాయం అవసరమైన పనే.

లెక్క ఇలా ఉంటుంది. ఎకరాకు సీజనుకు 300 రూపాయల చొప్పున 1,000 ఎకరాలు కుదిరితే రాబడి 3 లక్షలు. రైతుకు 4 ఎకరాలనుకుంటే 250 మంది కావాలి. రెండు మూడు ఊళ్ళు కలిస్తే ఇది అసాధ్యం కాదు. కాని ఒక్కొక్కరి వద్ద వసూలు చేయబోతే పెట్రోలు ఖర్చుకే చాలదు. రైతు ఉత్పత్తిదారుల సంఘంతో గుత్తగా ఒప్పందం కుదుర్చుకుంటే నిలదొక్కుకునే వీలుంది. నాలుగెకరాల రైతుకు రుసుము 1,200 రూపాయలు. యార్డులో ఒక్క బండి తేమ వల్ల తిరిగిపోతే వచ్చే నష్టంతో పోల్చితే ఇది ఎక్కువేమీ కాదు.

ప్రభుత్వ సబ్సిడీ ఇప్పుడు అంగడి గోడలకు అందుతోంది. అందులో కొంత భాగం, మొదటి రెండు మూడు సీజన్ల పాటు, సంఘాలు చెల్లించే సలహా రుసుముకు మళ్ళితే పట్టభద్రుడు మందు అమ్మకుండానే బతకగలడు. సలహా రుచి చూసిన రైతు తర్వాత తానే చెల్లిస్తాడా లేదా అన్నది ముంగారు విత్తనాల వేళ తేలవలసిన విషయం. అంతవరకు ఆదోనిలో పత్తికి ధర ఉంటుంది, మందుకు ధర ఉంటుంది. సలహా మాత్రం కొసరుగానే పోతుంది.