మీకు తెలుసా? నడుము నొప్పికి సూదులు, పరీక్షకు పళ్ల పుల్లలు

నడుము నొప్పి మూణ్నెల్లు దాటినా వదలకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అప్పటికి మాత్రలు, ఆయింట్‌మెంట్లు, బెల్టు, వేడి కాపడం అన్నీ అయిపోయి ఉంటాయి. ఆ దశలోనే ఎవరో ఒకరు ‘ఆక్యుపంక్చర్ చేయించుకోండి, మా బావగారికి తగ్గింది’ అని చెబుతారు. బావగారికి తగ్గిన మాట నిజమే అయ్యుండొచ్చు. తగ్గించింది సూదేనా అని తేల్చడానికి మాత్రం పరిశోధకులు చాలా పాట్లు పడ్డారు. వాళ్లు పన్నిన ఉపాయాలు, వాటిలో తేలిన సంగతులు నడుము నొప్పి ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలియాల్సినవి.

● నడుము నొప్పి రోజూ ఒకేలా ఉండదు. పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. మనం వైద్యం కోసం పరిగెత్తేది భరించలేనంతగా పెరిగినప్పుడే. ఆ తర్వాత ఏం చేసినా, ఏమీ చేయకపోయినా, ఎంతో కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. తగ్గించిన పేరు మాత్రం ఆఖర్న చేయించుకున్న వైద్యానికి దక్కుతుంది. అందుకే సూదులు వేయించుకున్నవాళ్లలో ఎంతమందికి తగ్గిందని అడిగితే చాలదు, వేయించుకోనివాళ్లలో ఎంతమందికి తగ్గిందో కూడా లెక్కగట్టాలి. ఎవరు ఏ జట్టులో ఉండాలో రోగి ఇష్టానికీ వైద్యుడి ఇష్టానికీ వదలకుండా లాటరీ పద్ధతిలో తేల్చాలి.

● మందును పరీక్షించేటప్పుడు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం తేలిక. మరి ఉత్తుత్తి సూది ఎలా? గుచ్చారో లేదో ఒంటికి తెలిసిపోతుందిగా! జర్మనీలోని హైడెల్‌బర్గ్‌కు చెందిన కొన్రాడ్ స్ట్రైట్‌బెర్గర్ అనే వైద్యుడు సహచరుడితో కలిసి 1998లో దీనికో దారి చూపించారు. డ్రామా కత్తి పొడిచినప్పుడు పిడిలోకి జారిపోయినట్టే, ఆయన సూది కూడా చర్మానికి ఆనగానే దాని పిడిలోకి జారుతుంది. మొన మొద్దుగా ఉండటంతో లోపలికి దిగదు కానీ, కాస్త చురుక్కుమంటుంది. చర్మం మీద చిన్న రింగు, దానిపైన ప్లాస్టర్ పెట్టి సూది పడిపోకుండా నిలబెడతారు. చూసేవాళ్లకు నిజంగా గుచ్చినట్టే ఉంటుంది.

ఇందులోనూ ఒక లోటు ఉండిపోయింది. రోగికి తెలియకపోయినా సూది వేసే మనిషికి తెలుసు. ఆ చేతిలో, మాటలో తేడా రావచ్చు. వేసేవాళ్లకు కూడా తేడా తెలియని సూదిని జపాన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు.

● ఈ పరీక్షలన్నిటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది అమెరికాలో జరిగింది. అందులో వాడింది టూత్‌పిక్‌లు, అంటే మనం భోజనమయ్యాక పళ్లు కుట్టుకునే పుల్లలు. సియాటిల్‌కు చెందిన డేనియల్ చెర్కిన్ బృందం 638 మందిని తీసుకుని నాలుగు జట్లు చేసింది. ఒక జట్టుకు మనిషి మనిషినీ చూసి, వారికి తగిన చోట్ల సూదులు. రెండో జట్టుకు నడుము నొప్పికి మామూలుగా వాడే స్థానాల్లో అందరికీ ఒకేలా సూదులు. మూడో జట్టుకు పళ్ల పుల్లలు. నాలుగో జట్టుకు అప్పటిదాకా అందుతున్న మామూలు వైద్యమే.

పుల్లతో నాటకం ఎలా నడిచిందో చూడండి. ఆక్యుపంక్చర్ సూదిని సాధారణంగా సన్నటి గొట్టంలో పెట్టి, పైన వేలితో తట్టి దింపుతారు. ఇక్కడ ఆ గొట్టంలో పుల్ల పెట్టి, చర్మానికి ఆనించి తట్టారు, కొంచెం తిప్పారు, తీసేశారు. బోర్లా పడుకున్న మనిషికి వీపు మీద జరిగేది కనిపించదు. కాసేపయ్యాక మళ్లీ వచ్చి పుల్లతోనే ‘సూదులు’ కదిపినట్టు చేశారు. చివర్లో వాటిని పీకినట్టు కూడా నటించారు. పాల్గొన్నవాళ్లెవరూ అంతకుముందు ఆక్యుపంక్చర్ చేయించుకున్నవాళ్లు కారు, కాబట్టి పోల్చి చూసుకునే అనుభవం లేదు. ఏడు వారాల్లో పదిసార్లు ఇలా సాగింది.

ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఎనిమిదో వారానికి సూదులు, పుల్లలు పొందినవాళ్లలో 60 శాతం మంది రోజువారీ పనులు చెప్పుకోదగ్గంత సులువుగా చేసుకోగలిగారు. మామూలు వైద్యం జట్టులో అలాంటివాళ్లు 39 శాతమే. కానీ చర్మం లోపలికి దిగిన సూదికీ, పైపైన తగిలిన పుల్లకూ పెద్ద తేడా లేదు. మనిషిని చూసి స్థానాలు ఎంచినా, అందరికీ ఒకే స్థానాల్లో వేసినా ఫలితం అంతే.

● జర్మనీలో ఇంతకంటే పెద్ద పరీక్షే జరిగింది. ఆక్యుపంక్చర్‌కు బీమా సొమ్ము చెల్లించాలా వద్దా అన్న పేచీ అక్కడ 2000 సంవత్సరంలో తలెత్తింది. రుజువు వచ్చేదాకా పరిశోధనల పరిధిలోనే చెల్లిస్తామన్నారు. అలా మొదలైన పరీక్షల్లో ఒకదానిలో 1,162 మంది నడుము నొప్పి రోగులు పాల్గొన్నారు. సగటున ఎనిమిదేళ్లుగా బాధపడుతున్నవాళ్లు వాళ్లు. చైనా పద్ధతి స్థానాల్లో లోతుగా సూదులు వేయించుకున్నవాళ్లలో ఆరు నెలలకు 47.6 శాతం మందికి మేలు కనిపించింది. ఆక్యుపంక్చర్ స్థానాలు కాని చోట్ల పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతం. మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామాల జట్టులో 27.4 శాతం.

ఎనిమిదేళ్లు అవే మందులు మింగి విసిగినవాళ్లకు లాటరీలో మళ్లీ అవే వస్తే ఎంత నీరసం! కొత్త వైద్యం దొరికినవాళ్లకు ఎంత ఉత్సాహం! ఆ తేడాలో కొంత ఈ అంకెల్లోకి చేరి ఉంటుందని నా నమ్మకం.

● ఇంచుమించు ఇవే రుజువులు చూసి దేశాలు తలో తీర్పు ఇచ్చాయి. జర్మనీ ప్రభుత్వ బీమా 2007 నుంచి దీర్ఘకాలిక నడుము నొప్పికి సూదుల ఖర్చు భరిస్తోంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2009లో 12 వారాల్లో పదిసార్ల దాకా వేయించవచ్చని చెప్పింది. ఉత్తుత్తి సూది కంటే మెరుగని తేలలేదంటూ 2016లో వద్దంది. అమెరికాలో వృద్ధుల బీమా పథకం మెడికేర్ 2020లో సరేనంది. నల్లమందు జాతి నొప్పి మాత్రలకు అలవాటు పడి జనం చనిపోతున్న కాలమది, మరో దారి కావాల్సి వచ్చింది. నైస్ అడిగిన ప్రశ్న ‘ఉత్తుత్తి సూది కంటే మేలా?’. జర్మనీకీ, మెడికేర్‌కూ ‘ఇప్పుడు అందుతున్న వైద్యం కంటే మేలా?’ అన్నది ముఖ్యమైంది.

● వేలమంది రోగుల వివరాలు ఒకచోట చేర్చి 2012లో ఆండ్రూ వికర్స్ బృందం చేసిన విశ్లేషణ ఈ చిక్కుముడిని తేలిగ్గా చూపిస్తుంది. నొప్పి నూటికి 60 ఉందనుకుందాం. సూది లేని వైద్యంతో అది 43కు దిగవచ్చు. ఉత్తుత్తి సూదితో 35కు. అసలు సూదితో 30కి. అంటే మామూలు వైద్యంతో పోలిస్తే 13 పాయింట్లు మేలు, కానీ అందులో అసలు సూది గొప్పతనం 5 పాయింట్లే. నడుము నొప్పి ఒక్కదాని మీదే 33 అధ్యయనాలు పరిశీలించిన 2020 నాటి కోక్రేన్ సమీక్ష కూడా అసలుకూ ఉత్తుత్తికీ మధ్య రోగికి ప్రయోజనమనిపించేంత తేడా లేదని తేల్చింది.

● నమ్మకానికి కూడా లెక్క కట్టారు. నడుము నొప్పికి మసాజో, సూదులో చేయించుకున్నవాళ్ల మీద 2001లో వచ్చిన అధ్యయనంలో, తమకు అందిన వైద్యం మీద బాగా ఆశ పెట్టుకున్నవాళ్లలో 86 శాతం మంది మెరుగయ్యారు. అంత ఆశ లేనివాళ్లలో 68 శాతం. ఇలా తగ్గిన నొప్పిని ‘ఉత్త భ్రమ’ అని కొట్టిపారేయడం అన్యాయం. వంగి చెప్పులు వేసుకోలేని మనిషి వేసుకోగలిగితే ఆ మేలు నిజమైనదే. దానికి కారణం ఫలానా నాడీ స్థానమేనని చెప్పి డబ్బు గుంజడం మాత్రం తప్పు.

● చైనాలో మత్తుమందు లేకుండా సూదులతోనే ఒక అమెరికన్ విలేకరికి ఆపరేషన్ చేశారన్న కథ మీరు వినే ఉంటారు. ఆ విలేకరి న్యూయార్క్ టైమ్స్‌కు చెందిన జేమ్స్ రెస్టన్, సంవత్సరం 1971. అపెండిక్స్ తీసింది మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే. తర్వాత కడుపు ఉబ్బరంగా ఉంటే సూదులు వేశారు, అంతే.

● మన దేశానికి ఈ విద్యను తెచ్చినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలో డాక్టర్ కోట్నిస్‌తో పాటు ఆయనా ఒకరు. తెలుగు రాష్ట్రాల ప్రకృతి వైద్య కళాశాలల్లో బీఎన్‌వైఎస్ డిగ్రీ చదివేవాళ్లకు ఆక్యుపంక్చర్ పాఠ్యాంశమే.

● సూదికి ప్రమాదమే లేదనుకోవద్దు. జర్మనీలో 2,29,230 మందిని గమనిస్తే 8.6 శాతం మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. ఎక్కువగా చిన్నపాటి రక్తస్రావం, కమిలిన మచ్చ, నొప్పి. ఇద్దరికి మాత్రం ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది.

వేయించుకోవాలనుకుంటే సీలు తీయని కొత్త సూదులే వాడమని అడగండి. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. పది విడతలైనా గుణం కనిపించకపోతే డబ్బు పోయడం ఆపేయండి. నడుము నొప్పితో పాటు మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు బలం తగ్గినా సూదుల కోసం ఒక్క గంట కూడా వృథా చేయకండి, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ముందు డాక్టరుకు చూపించుకోండి.