ఆనృణ్యమే ఐశ్వర్యము



వేదము చదివినవారికి ధనము మాట గిట్టదని లోకములో ఒక అపోహ కలదు. అది నిజము కాదు. పురుషార్థములు నాలుగింటిలో ధర్మము వెంటనే చెప్పబడినది అర్థమే. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, విద్య ముగించుకొని ఇంటికి పోవు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశము కలదు. సత్యము, ధర్మము, స్వాధ్యాయము విషయమున ఏమరవద్దని చెప్పిన ఆ ఆచార్యుడే ఐశ్వర్యము విషయమునను ఏమరవద్దని చెప్పెను. కావున గృహస్థుడు ధనమును ఆర్జించుట, రక్షించుట, వృద్ధి చేయుట దోషములు కావు. అయితే ఎంత ధనము చేరినచో జీవితము సఫలమైనట్లు? దీనికి మన పెద్దలు చెప్పిన సమాధానమును విచారింతము.

మహాభారతము అరణ్యపర్వములో, సుఖముగా ఉన్నవాడెవడని యక్షుడు ధర్మరాజును ప్రశ్నించెను. ధర్మరాజు రాజ్యమును చెప్పలేదు, బంగారమును చెప్పలేదు. పొద్దు వాలిన వేళకైనను తన ఇంట ఇంత కూరాకు వండుకొని తినుచు, అప్పు లేక, పరదేశవాసము లేక జీవించువాడే సుఖి అని చెప్పెను. పిల్లలు దూరదేశములలో ఉద్యోగములు చేయుచున్న ఈ దినములలో ఆ చివరిమాట కొందరికి కష్టముగా తోచవచ్చును. అప్పు లేకుండుట మాత్రము ఏ దేశమున ఉన్నవారైనను కోరి సాధింపదగినదే. దీనినే శాస్త్రము ఆనృణ్యము అన్నది.

అప్పు ఎట్లు పెరుగునో మన స్మృతికారులు బాగుగా ఎరుగుదురు. వసిష్ఠుడు విధించిన వడ్డీ నెలకు అసలులో ఎనుబదవ వంతని మనుస్మృతి చెప్పుచున్నది. అనగా నూటికి నెలకు రూపాయి పావలా. సంవత్సరమునకు 15 రూపాయలు. ధనముపై ఒక్కసారిగా వసూలు చేయు వడ్డీతో కూడిన మొత్తము అసలునకు రెట్టింపు దాటరాదని మరియొక నియమము. వడ్డీపై వడ్డీ, అనగా చక్రవృద్ధి, తీసికొనరాదని కూడ అందే కలదు.

నేడు మన ఊళ్ళలో రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ అని తేలికగా అందురు. రెండు రూపాయలనగా సంవత్సరమునకు నూటికి 24. మూడు రూపాయలనగా 36. క్రెడిట్ కార్డుపై బాకీ నిలువ ఉంచినవారిలో పలువురు ఈ మూడు రూపాయల వడ్డీకి తక్కువ కాకుండ కట్టుచున్నారు. ఇక్కడ ఒక చిన్న లెక్క జ్ఞాపకముంచుకొనవలెను. 72ను సంవత్సరపు వడ్డీ అంకెతో భాగించినచో, చక్రవృద్ధిలో సొమ్ము రెట్టింపగుటకు పట్టు సంవత్సరములు సుమారుగా తెలియును. నూటికి 7 చొప్పున దాచుకొనిన లక్ష రెండు లక్షలగుటకు పదేండ్లు దాటవలెను. నూటికి 24 చొప్పున తెచ్చిన అప్పు, కట్టక వదలినచో, మూడేండ్లు దాటి కొద్ది నెలలకే రెట్టింపగును. ఒకచేత 24 ఇచ్చుచు మరియొకచేత 7 పుచ్చుకొనువాడు చిల్లికుండలో నీరు నింపుచున్నాడు. కావున హెచ్చువడ్డీ అప్పు ఉన్నవానికి దానిని తీర్చుటయే మొదటి పెట్టుబడి.

అప్పు తీరిన పిమ్మట ఆదాయమును ఎట్లు వినియోగింపవలెను? భాగవతము అష్టమస్కంధములో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి దీనిని ఉపదేశించెను. విత్తమును ధర్మమునకు, యశస్సునకు, అర్థమునకు, కామమునకు, స్వజనమునకు అని ఐదు విధములుగా విభజించువాడు ఇహమునందును పరమునందును సంతోషించునని దాని భావము. ఐదును సమభాగములని ఆయన చెప్పలేదు. ఏ భాగమును బొత్తిగా మరువరాదనుటయే అందలి సారమని మా అభిప్రాయము.

ధర్మభాగము దానమునకు. కామభాగము తన అనుభవమునకు; పిసినారితనము ధర్మము కాదు. స్వజనభాగము ఇంటివారి పోషణకు, వైద్యమునకు. ఇంటి యజమాని లేకున్నను ఇల్లు నిలుచునట్లు జీవితబీమా, రోగము వచ్చినపుడు పొలము అమ్ముకొనకుండ ఆరోగ్యబీమా ఈ భాగములోనివే.

అర్థభాగమనగా ధనమును పెంచు ధనము. మా గురుపత్ని ప్రతిదినము ఎసరులో బియ్యము పోయుటకు ముందే ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేసెడిది. తిన్న తరువాత మిగిలినది దాచుట కాదు. తినుటకు ముందే తీసి దాచుట. జీతము వచ్చిన దినమున చేయవలసిన పనియు ఇదియే. ఆరు నెలల ఇంటి ఖర్చు ముందుగా చేతికందునట్లు ఉంచుకొనవలెను. బ్యాంకు డిపాజిట్లపై భీమా ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకు 2020లో పెంచబడినది. పెద్దమొత్తమును ఒక్కచోటనే ఉంచువారు దీనిని గమనింపవలెను. చీటీ వేయువారు 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టము ప్రకారము నమోదైన చీటీ అవునో కాదో చూడవలెను. చీటీ నడుపువాడు మనవాడే గదా అనునది పూచీకత్తు కాదు.

మంచి సంస్థల షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో ఏండ్ల తరబడి సొమ్ము ఉంచుట విత్తనము నాటుట వంటిది. అందు ఎగుడుదిగుడులు కలవు. ఓర్పు గలవానికే అది తగును. దినదినము పందెము కాయుట వేరు. ఋగ్వేదము పదవ మండలములోని అక్షసూక్తములో సర్వము పోగొట్టుకొనిన జూదరి విలపించును. పాచికలు విడిచి పొలము దున్నుకొనుమని అతనికి హితము చెప్పబడును. 2021-22 నుండి మూడు ఆర్థికసంవత్సరములలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారము చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరని సెబీ 2024లో ప్రకటించినది. పాచికల రూపము మారినది, ఫలము మారలేదు. సుఖమును నిర్వచించిన ధర్మరాజు అడవిపాలైనదియు జూదము వలననే గదా!

ఇక యశోభాగము. అన్నింటికన్న ఎక్కువ పొరపాటు ఇక్కడనే జరుగుచున్నది. ముహూర్తమునకై మా వద్దకు వచ్చు తండ్రులు లగ్నము కన్న అప్పును గూర్చియే ఎక్కువ చింతించుట మేము చూచుచున్నాము. మేమెరిగిన ఒక రైతు కుమార్తె పెండ్లికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి, ఆరేండ్లకు మాగాణి అమ్మి తీర్చెను. ఆ విందులో ఏమి వడ్డించిరో నేడు ఊరిలో ఒక్కరికిని జ్ఞాపకము లేదు. వివాహమునకు అగ్ని కావలెను, సప్తపది కావలెను, పెద్దల ఆశీర్వచనము కావలెను. మూడువేలమంది విందును ఏ గృహ్యసూత్రమును విధింపలేదు. నలుగురు చూచుటకు చేయునది ఆడంబరము; నలుగురికి ఉపయోగించునది యశస్సు.

శుక్రుని మాట త్రోసిపుచ్చి బలి సర్వము ఇచ్చెను గదా, అతడు కీర్తిశేషుడు కాలేదా అని కొందరు అడుగుదురు. ఇచ్చినమాట తప్పక నిలుపుకొనుటకు బలి ఇచ్చినది తన సొమ్ము. అప్పు తెచ్చి ఇచ్చువాడు బలి కాడు. కావున ఈ దేవాలయమునకు సైతము ఎవ్వరును అప్పు చేసి కానుక సమర్పింపవలదు. తులసిదళముతో తృప్తిపడు స్వామికి మీ వడ్డీభారముతో పని లేదు.

మానవుడు దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడి పుట్టుచున్నాడని వేదము చెప్పుచున్నది. యజ్ఞముచే, అధ్యయనముచే, సంతానముచే తీర్చవలసినవి ఆ ఋణములు. వడ్డీవ్యాపారికి వెరచి నిద్ర లేనివానికి సంధ్యావందనమునకు మనసెక్కడిది? బిడ్డకు నాలుగు మంచిమాటలు చెప్పుటకు తీరికెక్కడిది? లౌకికఋణము తీర్చుకొనుట ఆ గొప్ప ఋణములను తీర్చుకొనుటకు చేతులు ఖాళీ చేసికొనుటయే. ఎంత కూడబెట్టితిమను లెక్క కన్న, రాత్రి ఎవ్వరికిని బాకీపడక కన్నుమూయగలమా అను లెక్కయే జయమునకు కొలత.

స్వస్తి.