దుబాయికి విమానం ఎన్ని గంటలు?

కొడుకో, మరిదో, ఇంటాయనో దుబాయికి బయలుదేరుతుంటే టికెట్టు చేతిలోకి తీసుకుని లెక్క వెయ్యని ఇల్లాలు మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు అరుదే. ఎన్నింటికి దిగుతాడు, ఎప్పుడు ఫోను చేస్తాడు, అప్పటిదాకా ఏమైనా తింటాడా... మన ప్రాణం అక్కడే కొట్టుకుంటుంది. ఆ లెక్క తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది.

హైదరాబాదు నుంచి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. ప్రయాణం నాలుగు గంటలకు అటూ ఇటూ. కానీ టికెట్టు మీద పొద్దున 10 గంటలకు బయలుదేరి 12.30కి చేరుతుందని ఉంటుంది. రెండున్నర గంటలేనా అని సంబరపడకండి! ఎక్కే టైము మనది, దిగే టైము వాళ్లది. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుంది. అతను దిగేసరికి మన గోడగడియారంలో రెండవుతుంది. పాస్‌పోర్టు తనిఖీ, సామాను తీసుకోవడం అయ్యేసరికి ఇంకో గంట వేసుకోండి. అంతవరకు ఫోను రాలేదని దేవుడి ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. మస్కట్‌కూ ఇదే గంటన్నర తేడా. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్‌లకైతే రెండున్నర.

తిరిగొచ్చేటప్పుడు లెక్క తలకిందులు. టికెట్టులో ఐదు గంటలు కనబడినా ప్రయాణం మూడున్నరే. బాగా ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ జోరు. పోయేటప్పుడు ఎదురొచ్చే గాలి వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది.

అసలు గండం తేదీతోనే అక్కయ్యలూ! టికెట్టులో 15వ తేదీ 00.40 అని ఉందనుకోండి. 15 సాయంత్రం తీరిగ్గా బయలుదేరితే విమానం ఎప్పుడో పోయి ఉంటుంది. అది 14 రాత్రి పన్నెండు దాటాక నలభై నిమిషాలు. మా శ్రీరాంపూర్‌లో బాయికి పోయేవాళ్ల ఇళ్లలో ఇది చప్పున అర్థమవుతుంది, నైట్ షిఫ్టుకు ఒక తేదీన పోయి ఇంకో తేదీన వస్తారు కదా. అప్పు చేసి కొన్న టికెట్టు, వీసా గడువు, అన్నీ ఆ ఒక్క అంకె మీదే ఉంటాయి.

ఇక వెనక్కి లెక్కించుకోండి. మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి. మంచిర్యాల నుంచి సికింద్రాబాదుకు రైలులో 230 కిలోమీటర్ల పైచిలుకు, నాలుగైదు గంటలు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు మారాయి కాబట్టి స్టేషను నుంచి ఇంకో గంటన్నర. అంటే 14 మధ్యాహ్నం అన్నం తినగానే గడప దాటాలి. దుబాయి నాలుగు గంటల దూరమైతే, మనకు శంషాబాదు అంతకంటే దూరమన్నమాట!

సంచి సంగతి. సకినాలు, గారెలు నిక్షేపంగా పెట్టండి. మామిడికాయ తొక్కు నూనె కారకుండా మూతకు టేపు చుట్టి పెద్ద పెట్టెలోనే సర్దండి, చేతిసంచిలో వద్దు. ఒక్కటి మాత్రం మరవకండి: గసగసాలు అక్కడ నిషేధం, మత్తుపదార్థాల కింద లెక్క, జైలుకు పంపుతారు. మసాలా పొడి దంచి ఇస్తే గసగసాలు లేకుండా దంచండి. కొన్ని దగ్గుమందులకు, నొప్పిమాత్రలకు కూడా అక్కడ ముందస్తు అనుమతి కావాలి. డాక్టరు చీటీ లేకుండా ఏ మాత్రా ఇవ్వకండి. పక్కింటివాళ్లు తమవాడికి ఇమ్మని తెచ్చిన పొట్లమైతే, మొహమాటపడకుండా వాళ్లెదుటే విప్పి చూసి పెట్టండి.