పడవలో తోటివాడే మొదటి చికిత్సకుడు

2001 నుండి కోల్‌కతా అను పేర వ్యవహరింపబడుచున్న కలకత్తా మహానగరము వైద్యమునకు పేరెన్నిక గన్నది. పాశ్చాత్య వైద్యమును బోధించు కళాశాల అచ్చట 1835లోనే స్థాపింపబడినది. అయినను సియాల్దా స్టేషనులో రైలెక్కి దక్షిణముగా పోయి కానింగులో దిగి, కొంత దూరము రోడ్డున, ఆపైన పడవలో ప్రయాణము చేసిన చాలును, వైద్యుడు అందని ప్రదేశము వచ్చును. అదియే సుందరవనము.

సుందరవనములలో మన దేశపు భాగమున 102 దీవులు కలవు. వానిలో 54 దీవులయందు జనులు కాపురముండుచున్నారు. తక్కినది మడ అడవి. కాకినాడ చెంతనున్న కోరంగి అడవిని చూచినవారు దీని స్వరూపమును కొంత ఊహించుకొనవచ్చును. కాని ఇచ్చట పులియు, మొసలియు అధికముగా నుండును. చేపలు, పీతలు పట్టువారు, తేనె తీయు మౌలేలు, అడవిశాఖ కావలివారు దినములకొలది ఈ కాలువలలోనే గడపుదురు. తేనెకు పోవువారు చైత్ర వైశాఖములలో జట్లుగా బయలుదేరి, ఎండుటాకుల పొగతో ఈగలను తోలుచు, మోకాలిలోతు బురదలో చెట్టుచెట్టును వెదకుదురు.

ప్రథమ చికిత్సను గూర్చిన పుస్తకములు చాలవరకు పట్టణవాసుల కొరకు వ్రాయబడినవి. “వైద్యుడు వచ్చువరకు” అను మాట వానిలో పుటపుటకును కనిపించును. మడ అడవికి వైద్యుడు రాడు. రోగినే వైద్యుని యొద్దకు చేర్చవలెను. 1948 నాటి కర్మాగారముల చట్టము ప్రతి 150 మంది పనివారికి ఒక ప్రథమ చికిత్స పెట్టె యుండవలెననియు, అది శిక్షణ పొందినవాని స్వాధీనమున నుండవలెననియు విధించెను. తేనెకు పోవువాని పేరు ఏ కర్మాగారపు హాజరు పట్టీలోను లేదు. అతనికి ఆపద వచ్చినచో చేయి అందించువాడు పడవలోని తోటివాడే. కావున శిక్షణ యనునది వానికే కావలెను.

ఈ శిక్షణలో మొదటి స్థానము పాముకాటునకు ఈయవలెను. 2000 మొదలు 2019 వరకు మన దేశమున ఏటేటా సగటున 58,000 మంది పాముకాటువలన మరణించిరని ఒక విస్తృత పరిశోధన అంచనా వేసినది. వీరిలో అధికులు పల్లెవారే.

బెంగాలులో కాలాచ్ అని పిలువబడు పాము మన కట్లపామే. ఇది రాత్రివేళ ఇండ్లలోనికి వచ్చి, నేలపై నిద్రించువారిని కరచును. దాని కోరలు చిన్నవి. నొప్పి అంతగా తెలియదు, గాటు కూడ తరచు కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచినవానికి అజీర్ణమని వాము కషాయము ఇచ్చి కూర్చుండుట ఎన్నియో ఇండ్లలో జరిగినది. కొంతసేపటికి కనురెప్పలు వాలును, మాట ముద్దయగును, గుటక పడదు. నరమునుండి కండరమునకు పోవు ఆజ్ఞను ఈ విషము అడ్డగించుటయే దీనికి కారణము. చివరకు ఊపిరి తీయు కండరములును చచ్చుబడును. ఊపిరి నిలిచినను గుండె కొంతసేపు కొట్టుకొనుచునే యుండును. ఆ సమయమున తోటివారు వంతులవారీగా నోటితో శ్వాస నందించుచు ఆసుపత్రికి చేర్చినచో మనిషి బ్రదుకుటకు అవకాశము కలదు. దీనిని చదివి నేర్చుకొన వీలులేదు. బొమ్మపై పలుమారులు చేసి చూడవలెను.

రక్తపింజరి తీరు వేరు. దాని విషము రక్తమును గడ్డకట్టనీయదు, మూత్రపిండములను చెరచును. అట్టి కాటును కత్తితో కోసి రక్తము తీయబూనుట ఎంతటి అవివేకమో చెప్పనక్కరలేదు. ఆ గాయమునుండి రక్తము ఆగదు. కాటుకు పైభాగమున త్రాటితో బిగించి కట్టుటయు హానికరమే. కాలికి రక్తము అందక కుళ్లవచ్చును. కట్టు విప్పినప్పుడు నిలిచిన విషము ఒక్కసారిగా పైకి ప్రాకవచ్చును.

మరి చేయవలసిన దేమి? రోగికి ధైర్యము చెప్పి, కదలనీయక పడుకొనబెట్టవలెను. ఉంగరములు, గాజులు, కడియములు వాపు రాకముందే తీసివేయవలెను. విరిగిన ఎముకకు కట్టినట్లు, కరచిన కాలిని తెడ్డునకో వెదురుబద్దకో ఆనించి గమ్ఛాతో, అనగా మన తుండుగుడ్డవంటి దానితో, వదులుగా కట్టవలెను. నడిపింపరాదు, మోసికొని పోవలెను. గుటక పడనివానికి నోట ఏమియు పోయరాదు. ఒక ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. పామును పట్టుటకు వెంటబడినచో రెండవ కాటు ప్రాప్తించును.

మంత్రగాని మాట ఎత్తక తప్పదు. విషపు పాము కరచిన ప్రతిసారియు విషము ఎక్కించదు. అట్టి కాటునకు మంత్రము వేసినను వేయకున్నను మనిషి లేచి తిరుగును. కీర్తి మాత్రము మంత్రమునకు దక్కును. కలకత్తా వైద్య కళాశాలలో శస్త్రచికిత్సాచార్యుడైన జోసెఫ్ ఫేరర్, నాటి విరుగుడు మందులనేకములను పరీక్షించి, అవి పనికిరావని తేల్చెను. మన దేశపు విషసర్పములపై ఆయన వ్రాసిన గ్రంథము 1872లో వెలువడినది. నిజమైన విరుగుడు సూదిమందు 1890 తరువాతనే పుట్టినది. దానిని పడవలో పెట్టుకొని పోరాదా అని కొందరడుగుదురు. ఆ మందు ఒక్కొక్కరికి ప్రాణాపాయకరముగా వికటించును. ఆ స్థితిని చక్కబెట్టగల వైద్యుడున్నచోటనే ఇవ్వవలెను. కానింగు పట్టణమున యుక్తివాదీ సాంస్కృతిక సంస్థవారు పాముకాటునకు ఓఝా వద్దకు గాక ఆసుపత్రికే పొండని ఏండ్ల తరబడి ప్రచారము చేయుచున్నారు.

అయితే ఆసుపత్రికి పోవు దారి నీటి చేతిలో నున్నది. దినమునకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఆటు సమయమున చిన్న కాలువలు ఎండి బురద తేలును, పడవ కదలదు. అందుచేత కాలికి బద్ద కట్టుచున్నప్పుడే జట్టులో మరొకడు నీటి వాలు చూచి, ఏ కాలువగుండా పోవలెనో, ఏ రేవున యంత్రపు పడవ దొరకునో నిర్ణయింపవలెను. పట్టణపు శిక్షణలో లేని ఈ పాఠమును సుందరవనపు పడవవాడే శిక్షకునికి నేర్పగలడు.

గాయముల విషయము కొంత చెప్పవలెను. మడచెట్ల ఊపిరివేళ్లు బురదలోనుండి మేకులవలె పైకి పొడుచుకొని వచ్చి అరికాళ్లను చీల్చును. అడవికి బయలుదేరుటకు ముందే ధనుర్వాతపు టీకా వేయించుకొనుట మంచిది. పులి కొట్టిన గాయమైనను, కత్తి దెబ్బయైనను, రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డపెట్టి చేతితో గట్టిగా అదిమి పట్టవలెను. చూతమని మాటిమాటికి ఎత్తరాదు. బురద పడిన గాయమును మంచినీటితో కడుగవలెను. చుట్టును నీరే, కాని అది ఉప్పునీరు. త్రాగుటకు కుండలలో తెచ్చుకొన్నదే మంచినీరు. కడుగుటకు ఒక కుండ ముందుగానే వేరుచేసి మూత కట్టనిచో, దప్పి వేళకు అది మిగులదు.

విరేచనములు పట్టినవానికిని ఆ మంచినీరే ప్రాణాధారము. ఈ పాఠమునకు కలకత్తాతో గొప్ప సంబంధము కలదు. 1971లో తూర్పు పాకిస్థాను నుండి వచ్చిన శరణార్థులతో నిండిన బన్‌గావ్‌లో కలరా వ్యాపించినది. సెలైను సీసాలు చాలలేదు, సూది గ్రుచ్చగలవారు లేరు. కలకత్తాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధనా కేంద్రమునకు చెందిన డాక్టరు దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా పొట్లములు కట్టించి, నీట కలిపి, రోగుల తల్లులచేత, బంధువులచేత గ్లాసులతో త్రాగించెను. చదువురాని చేతులకు వైద్యమును అప్పగించుట నాడు పలువురు వైద్యులకు రుచించలేదు. అంతకు మునుపు నూటికి సుమారు 30 మంది మరణించుచుండగా, ఈ ద్రావణము త్రాగినవారిలో ఆ సంఖ్య 4కు లోపలికి దిగినది. ఆయన 2022లో కలకత్తాలోనే కన్నుమూసెను. మరుసటి ఏడు ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటింపబడెను.

నేడు ఆ పొట్లము మందుల దుకాణమున దొరకును. పెద్ద పొట్లమును ఒక లీటరు మంచినీటిలో పూర్తిగా కలుపవలెను. పొట్లము లేనిచో లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమముగా కొలిచి కలుపవచ్చును. నది నీటితో కలిపినచో ఉప్పు హెచ్చి మేలునకు బదులు కీడు కలుగును.

జట్టు వెంట తీసికొనిపోవు రేకుడబ్బాలో ఈ పొట్లములు, ఉతికి ఎండబెట్టిన గుడ్డలు, సబ్బు, టార్చిలైటు ఉండవలెను. పడవలో పరచుకొను చాపక్రింద అంచులు దోపుటకు చాలునంత దోమతెర వేరుగా తెచ్చుకొనవలెను. డబ్బాలో ఒక పెన్సిలు, నాలుగు కాగితములు కూడ వేయవలెను. కాటు పడిన వేళ, రెప్పలు వాలిన వేళ, వాపు ఎంతవరకు ఎక్కినది, నోట ఏమి పోసిరి, ఇవన్నియు తోటివాడు వ్రాసియుంచినచో, రేవులో రోగిని అందుకొన్న వైద్యుడు మొట్టమొదట అడుగు ప్రశ్నలకు సమాధానము ఆ కాగితముననే యుండును. వ్రాయుట రానివాడు కాటు పడినప్పుడు పొద్దు ఎచ్చట నున్నదో, నీరు ఆటో పోటో చెప్పినను చాలును.